ఎవరి అకౌంటూ లాక్ కాలేదు, కానీ సెలవు రోజున లాగ్‌లో 2,339 తప్పు లాగిన్‌లు. ఇది దాడేనా?

ఒంటరి అడ్మిన్ | మంగళవారం, ఉదయం 11:20

అందరికీ నమస్కారం. బాలానగర్‌లో మెషిన్ పార్టులు చేసే ఒక ఫ్యాక్టరీలో సిస్టమ్స్ చూస్తాను. మా ఐటీ డిపార్ట్‌మెంట్ అంటే నేనొక్కదాన్నే. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా నాకే ఫోను, సర్వర్ పడిపోయినా నాకే ఫోను. అమీర్‌పేటలో మూడు నెలలు సర్వర్ కోర్సు చేసి ఇందులోకి వచ్చాను, సెక్యూరిటీ ప్రత్యేకంగా చదువుకోలేదు. కాబట్టి ప్రశ్న తెలివితక్కువగా అనిపిస్తే తిట్టకుండా చెప్పండి.

బోనాలకని ఆదివారం, సోమవారం ఫ్యాక్టరీ మూసేశారు. వరసగా సెలవులు వచ్చినప్పుడల్లా తిరిగి రాగానే నేను చేసే మొదటి పని సర్వర్‌లో ఫెయిల్యూర్‌లు చూడటం. ఒక సంక్రాంతికి బ్యాకప్ అకౌంట్ పాస్‌వర్డ్ గడువు తీరిపోయి మూడు రోజులు బ్యాకప్ పడలేదు, ఆ దెబ్బతో అలవాటైంది. ఇవాళ కూడా అలాగే చూస్తే రెండో డొమైన్ కంట్రోలర్‌లో (అందరి లాగిన్‌లూ సరిచూసే విండోస్ సర్వర్) 4771 ఈవెంట్లు, అంటే లాగిన్ తప్పిందని పడే రికార్డులు, కుప్పగా ఉన్నాయి. శనివారం రాత్రి 11:40కి మొదలయ్యాయి. సరిగ్గా 35 నిమిషాలకు ఒక విడత. విడతకు అందరి పేర్లూ, ఒక్కో పేరు ఒక్కసారే, అది కూడా అక్షరక్రమంలో. మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, మళ్ళీ నిశ్శబ్దం. ఆఖరి విడత ఆదివారం తెల్లవారుజామున 5:30కి. మొత్తం 11 విడతలు. ఫిల్టర్ కొడితే కింద చూపించిన లెక్క 2,339.

మా దగ్గర వాడుకలో ఉన్న అకౌంట్లు 214. మనుషులవే కాదు, వేబ్రిడ్జ్ (లారీలు తూచే కాటా), గేట్2, ట్యాలీ బ్యాకప్ లాంటివి కూడా ఆ వరసలో ఉన్నాయి. అన్నిటికీ ఫెయిల్యూర్ కోడ్ ఒకటే, హెక్స్‌లో 18, అంటే పాస్‌వర్డ్ తప్పు. అన్నీ ఒకే అడ్రస్ నుంచి, 192.168.4.37. అది డిస్పాచ్ సెక్షన్ పీసీ. కొరియర్ లేబుళ్ళ కోసం రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంటుంది.

నాకు అర్థం కానిది ఏమిటంటే, ఐదుసార్లు తప్పు కొడితే లాక్ అయ్యేలా పాలసీ పెట్టాను, 30 నిమిషాలకు ఆ లెక్క మళ్ళీ సున్నా అవుతుంది. ఒక్క అకౌంట్ కూడా లాక్ కాలేదు. 4625 (ఇది కూడా లాగిన్ ఫెయిలైందని చెప్పే ఈవెంటే) ఎక్కువగా వస్తే మెయిల్ వచ్చేలా అలర్ట్ కూడా పెట్టుకున్నాను, అది మోగలేదు. మా సార్ (అకౌంట్స్ హెడ్, ఐటీ ఆయన కిందే) విని "ఎవరిదీ లాక్ కాలేదు కదమ్మా, ఎవరూ కంప్లైంట్ చేయలేదు కదా, మరి లొల్లి ఎందుకు" అన్నారు.

ఇది నిజంగా దాడేనా? అయితే నా అలర్ట్ ఎందుకు మోగలేదు? ఇలాంటిది మళ్ళీ వస్తే పట్టుకోవడానికి ఏం లెక్క పెట్టాలి?


ఇరానీ చాయ్ | మంగళవారం, మధ్యాహ్నం 12:05

మేడమ్, టెన్షన్ పడకండి. మాదాపూర్‌లో మా ఆఫీసులో కూడా ఇలాగే వేల ఫెయిల్యూర్‌లు వచ్చాయి. చూస్తే స్కానర్‌లో పాత పాస్‌వర్డ్ సేవ్ అయి ఉంది, అది అరగంటకోసారి కొట్టుకుంటూ ఉంది. మీ డిస్పాచ్ పీసీలో కూడా ఏదో పాత టాస్క్ ఉండి ఉంటుంది. ఫార్మాట్ కొట్టేయండి, పీడ పోతుంది.


ఈసీఐఎల్ బాబాయ్ | మంగళవారం, మధ్యాహ్నం 12:40

అమ్మా, ముందు ఒక మాట. ఆ పీసీని ఫార్మాట్ చేయవద్దు. ఆఫ్ కూడా చేయవద్దు, మెమరీలో ఉన్నది పోతుంది. వెనక నెట్‌వర్క్ వైర్ పీకేసి అలాగే ఉంచు. తర్వాత ఇది చదువు.

చాయ్ తమ్ముడు చెప్పిన స్కానర్ సంగతి నిజమే, అది అందరికీ వచ్చేదే. కానీ స్కానర్‌కు తెలిసింది ఒక్క పేరే. ఒకే పేరు వెయ్యిసార్లు పడితే పాత పాస్‌వర్డ్ అనుకోవచ్చు. 214 పేర్లు తలా ఒక్కసారి పడ్డాయంటే అక్కడెవడో పాస్‌వర్డ్ ఒకటి చేత్తో పట్టుకుని ఇంటింటికీ తిరుగుతున్నాడని అర్థం. దీన్నే పాస్‌వర్డ్ స్ప్రేయింగ్ అంటారు. ఒక తలుపుకు వంద తాళంచెవులు పెట్టి చూస్తే ఇంట్లోవాళ్ళు లేస్తారు. ఒకే తాళంచెవి పట్టుకుని వీధి మొత్తం తిరిగితే ఏ ఇంట్లోనూ కుక్క కూడా మొరగదు. మీ లాక్ పాలసీ కాపలా కాసేది తలుపు దగ్గర, వీధి చివర కాదు.

వాడి తెలివి చూడు. నీ లెక్క సున్నా అయ్యేది 30 నిమిషాలకు, వాడి విరామం 35. ఇది కాకతాళీయం కాదు. డొమైన్‌లో మామూలు లాగిన్ ఒకటి చేతిలో ఉంటే చాలు, లాకౌట్ పాలసీ ఎవరైనా చదవవచ్చు. అందరి పేర్ల జాబితా కూడా అంతే. బయటివాడు ఊహించి కొడితే వేబ్రిడ్జ్, గేట్2 లాంటి పేర్లు తట్టవు. ఉద్యోగుల పేర్లు ఎక్కడో చూసి, పేరుకు ఇంటిపేరు అతికించి ప్రయత్నిస్తాడు. అందులో సగం అసలు లేని పేర్లే ఉంటాయి. అలాంటప్పుడు 4768లో (లాగిన్ టికెట్ అడిగినప్పుడు పడే ఈవెంట్) హెక్స్ 6 అనే కోడ్‌తో "అలాంటివాడు లేడు" అని పడతాయి. నీ లాగ్‌లో హెక్స్ 6 ఉన్నాయేమో చూడు. ఒక్కటీ లేకపోతే వాడు నీ డైరెక్టరీని ఎదురుగా పెట్టుకునే కూర్చున్నాడు. అంటే శనివారం రాత్రి కంటే ముందే లోపలికి వచ్చాడు.

నీ అలర్ట్ ఎందుకు మోగలేదంటే, 4625 అనేది లాగిన్ ప్రయత్నం జరిగిన మెషిన్‌లో పడుతుంది. వీడు ఏ మెషిన్‌లోకీ లాగిన్ కాబోలేదు. నేరుగా డొమైన్ కంట్రోలర్‌ను కెర్బెరోస్ టికెట్ (డొమైన్‌లో లాగిన్‌కు ఇచ్చే పాస్ లాంటిది) అడిగాడు. అది తప్పితే పడేది 4771, అది కూడా కెర్బెరోస్ ఆథెంటికేషన్ ఆడిట్‌లో ఫెయిల్యూర్ ఆన్ చేసి ఉంటేనే. నువ్వు ఆన్ చేసి పెట్టుకున్నావు, బతికించావు. చాలాచోట్ల ఉండదు. ఎన్‌టీఎల్ఎమ్ అనే పాత లాగిన్ పద్ధతి దారిలో వస్తే 4776 పడుతుంది. అందులో ఎర్రర్ కోడ్ 6ఏతో ముగిస్తే పేరు ఉంది, పాస్‌వర్డ్ తప్పు. 64తో ముగిస్తే ఆ పేరే లేదు. కాబట్టి మూడింటినీ కలిపి చూడాలి. ఒక్కదాన్నే చూస్తే వాడు పక్క గుమ్మంలోంచి వస్తాడు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు రాసిన అంకెలు చదువుతుంటే ఒకటి కుదరలేదు. 214 పేర్లు, 11 విడతలు. గుణిస్తే 2,354 రావాలి. నువ్వు రాసింది 2,339. పదిహేను తక్కువ. ఆ పదిహేను ఏమయ్యాయి?

లాగ్ తిరగరాసుకుని పోయి ఉంటే మొదటి విడతే కొరత పడాలి. అలా కాకుండా మధ్యలో ఎక్కడైనా తగ్గితే నాకు భయం. ఇలాంటి టూల్స్ పాస్‌వర్డ్ దొరికిన పేరును పక్కన పెట్టి మిగతావాళ్ళ మీదే పడతాయి. విడతల వారీగా లెక్క తీసి ఇక్కడ పెట్టు.


ఇరానీ చాయ్ | మంగళవారం, మధ్యాహ్నం 12:52

ఫార్మాట్ మాట వెనక్కి తీసుకుంటున్నా. మేడమ్, బాబాయ్ చెప్పినట్టే చేయండి. ఆ గుణకారం నాకు తట్టనే లేదు.


ఒంటరి అడ్మిన్ | మంగళవారం, మధ్యాహ్నం 3:35

బాబాయ్ గారూ, అన్నం కూడా తినలేదు. చేతులు వణుకుతున్నాయి.

వైర్ పీకేశాను. డిస్పాచ్ వాళ్ళు లేబుళ్ళు ఎలా తీయాలని గొడవ, నా ల్యాప్‌టాప్ ఇచ్చి పంపాను. ఈవెంట్లన్నీ ఎక్సెల్‌లోకి తీసి విడతల వారీగా పేర్చాను. హెక్స్ 6 ఒక్కటి కూడా లేదు. మొదటి ఆరు విడతల్లో 214 చొప్పున ఉన్నాయి. ఏడో విడత, అంటే ఆదివారం తెల్లవారుజామున 3:10, అక్కడ 211. అక్కడి నుంచి చివరిదాకా 211 మాత్రమే. ఐదు విడతలకు మూడేసి, పదిహేను సరిపోయింది.

అదే 3:10కి అదే అడ్రస్ నుంచి సక్సెస్ అయిన 4768లు వెతికాను. మూడు దొరికాయి. డిస్పాచ్‌లో రెండు నెలల కింద చేరిన అబ్బాయి. క్వాలిటీలో ఒక మేడమ్, ఆవిడ కూడా ఈ ఏడాది చేరినావిడే. మూడోది వేబ్రిడ్జ్.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పేస్తాను, దాచి లాభం లేదు. కొత్తగా చేరినవాళ్ళకి పసుపు చీటీ మీద యూజర్ పేరు, పాస్‌వర్డ్ రాసి ఇచ్చేది నేనే. కంపెనీ పేరు, పక్కన ఒక గుర్తు, ఆ సంవత్సరం. అందరికీ అదే. మొదటి లాగిన్‌లో మార్చుకోమని అడిగే టిక్కు ఒకప్పుడు పెట్టేదాన్ని. షాప్ ఫ్లోర్‌లో ఒక్కో పీసీకి ఐదారుగురు. కొత్తవాళ్ళు ఆ స్క్రీన్ దగ్గర ఇరుక్కుపోతున్నారని, షిఫ్ట్ ఆలస్యమవుతోందని సూపర్‌వైజర్లు పదేపదే అంటే తీసేశాను. వేబ్రిడ్జ్ అకౌంట్ కాటా రిపేరు వాళ్ళ కోసం చేసింది, దానికీ అదే చీటీ. పెద్ద అక్షరం, చిన్న అక్షరం, అంకె, గుర్తు అన్నీ ఉన్నాయి కాబట్టి కాంప్లెక్సిటీ రూల్ కూడా దాన్ని దర్జాగా ఒప్పుకుంది. ఏడో ప్రయత్నంలో వాడికి తగిలింది అదే అయి ఉంటుంది.

ముగ్గురి పాస్‌వర్డ్‌లూ మార్చాను. ఇంకేం చూడాలి?


నైట్ షిఫ్ట్ ఎల్2 | మంగళవారం, సాయంత్రం 6:10

రాయదుర్గం వైపు ఒక సాక్‌లో (కంపెనీల సెక్యూరిటీకి కాపలా కాసే సెంటర్) రాత్రి షిఫ్ట్ చేస్తాను, ఇప్పుడే లేచి ఇది చూశాను. అక్కా, పాస్‌వర్డ్ మార్చడం ఒక్కటీ సరిపోదు. చేతికొచ్చిన కెర్బెరోస్ టికెట్ మామూలు సెట్టింగుల్లో 10 గంటలు చెల్లుతుంది, ఏడు రోజుల దాకా పొడిగించుకోవచ్చు. పాస్‌వర్డ్ మారినంత మాత్రాన పాత టికెట్ ఆ క్షణమే చావదు. ఆ మూడు అకౌంట్లనూ ఇప్పటికి డిసేబుల్ చేసి పెట్టండి. తర్వాత ఆదివారం 3:10 నుంచి ఆ మూడు పేర్ల మీద 4624 (లాగిన్ సక్సెస్ అయితే పడే ఈవెంట్) ఎక్కడెక్కడ పడిందో చూడండి. టైప్ 3 అయితే షేర్డ్ ఫోల్డర్ లాంటివి తెరిచాడు, టైప్ 10 అయితే రిమోట్ డెస్క్‌టాప్‌తో ఏకంగా కూర్చున్నాడు. ఫైల్ సర్వర్, ట్యాలీ ఉన్న మెషిన్ మొదట చూడండి. డిస్పాచ్ పీసీలో 4648 ఉన్నాయేమో కూడా చూడండి, వేరొకరి పేరుతో ప్రయత్నిస్తే అది పడుతుంది. అన్ని టూల్స్‌తోనూ పడదు, లేదని ధైర్యపడకండి.

మీరు అడిగిన రూల్ సంగతి. అకౌంట్‌కు ఎన్ని ఫెయిల్యూర్‌లు అన్నది పక్కన పెట్టండి. ఒక అడ్రస్ నుంచి అరగంటలో ఎన్ని వేరువేరు పేర్లు తప్పాయి, అది లెక్క పెట్టండి. పవర్‌షెల్‌లో గెట్ విన్‌ఈవెంట్ కమాండ్‌తో తీసి, అడ్రస్ వారీగా గ్రూప్ చేసి, పేర్లలో డూప్లికేట్లు తీసేస్తే చాలు, సీమ్ (లాగ్‌లన్నీ ఒకచోట చేర్చి చూసే సాఫ్ట్‌వేర్) కొనాల్సిన పని లేదు. అరగంటకోసారి టాస్క్ షెడ్యూలర్‌లో నడపండి. అంకె ఎంత పెట్టాలని ఎవరినీ అడగకండి, మా క్లయింట్ల అంకె మీకు పనికిరాదు. రెండు వారాలు అలర్ట్ లేకుండా ఊరికే లెక్కపెట్టి మీ ఫ్యాక్టరీకి మామూలు ఎంతో చూడండి. వీపీఎన్ ఫైర్‌వాల్, రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్ లాంటివాటి వెనక అందరూ ఒకే అడ్రస్‌లా కనిపిస్తారు. వాటికి వేరే అంకె పెట్టాలి కానీ మినహాయింపు ఇవ్వకూడదు. మినహాయించిన చోటే దూరతారు.

అరగంట కిటికీ (లెక్కపెట్టే వ్యవధి) ఒక్కటే పెట్టుకుంటే ఓపికున్నవాడు గంటకు నాలుగు పేర్లే కొట్టి తప్పించుకుంటాడు. అదే లెక్క 24 గంటలకు కూడా ఒకటి పెట్టండి.

ఇంకోటి. మీది లోపలి నుంచి వచ్చింది కాబట్టి ఒకే అడ్రస్ దొరికింది. మెయిల్ క్లౌడ్‌లో ఉంటే ఈ అదృష్టం ఉండదు. 2023 నవంబర్‌లో మిడ్‌నైట్ బ్లిజార్డ్ అనే ముఠా మైక్రోసాఫ్ట్ మీదే స్ప్రే చేసింది. ఇళ్ళలోని మామూలు ఇంటర్నెట్ కనెక్షన్ల గుండా ప్రయత్నాలు తిప్పి, కొద్ది అకౌంట్ల మీద కొద్దిసార్లే కొట్టి, రెండో వెరిఫికేషన్ లేని ఒక పాత టెస్ట్ అకౌంట్ పట్టుకుని లోపలికి వెళ్ళింది. వాళ్ళు దాన్ని గుర్తించింది 2024 జనవరి 12న. అలాంటిచోట అడ్రస్ వారీగా గ్రూప్ చేస్తే ఒక్కో అడ్రస్‌కు ఒకటో రెండో పడతాయి, ఏమీ కనిపించదు. అప్పుడు అడ్రస్ వదిలేసి, ఈ గంటలో మొత్తం ఎన్ని వేరువేరు పేర్లు తప్పాయి, పోయిన వారం ఇదే గంటలో ఎన్ని అని పోల్చాలి. ఎంట్రా (మైక్రోసాఫ్ట్ క్లౌడ్ లాగిన్ సర్వీస్) సైన్ ఇన్ లాగ్‌లో తప్పు పాస్‌వర్డ్‌కు 50126, లేని పేరుకు 50034, లాక్ అయితే 50053. కొత్తవాళ్ళు పొరబడేది 50076 దగ్గర. అది ఫెయిల్యూర్ జాబితాలోనే కనిపిస్తుంది, కానీ రెండో వెరిఫికేషన్ అడిగారని దాని అర్థం. అంటే పాస్‌వర్డ్ కరెక్ట్‌గా పడింది! ఎరగని అడ్రస్ నుంచి అది వస్తే ఆ పాస్‌వర్డ్ పోయినట్టే లెక్క.


ఈసీఐఎల్ బాబాయ్ | మంగళవారం, రాత్రి 8:45

నైట్ షిఫ్ట్ బాబు బాగా చెప్పాడు, నేను రెండే కలుపుతాను.

ఒకటి ఎర అకౌంట్. ఎవరూ వాడని ఒక పేరు సృష్టించు. నీ దగ్గర వాళ్ళు అక్షరక్రమంలో వస్తున్నారు కదా, జాబితాలో మొదటి ఐదింటిలో పడేలా పేరు పెట్టు. పొడుగాటి పాస్‌వర్డ్ ఇచ్చి, ఒకసారి లాగిన్ అయ్యి వదిలేయి. ఎప్పుడూ లాగిన్ కాని అకౌంట్ అయితే తెలిసినవాడు అనుమానించి దాటేస్తాడు. దాని మీద ఒక్క తప్పు పాస్‌వర్డ్ పడినా ఫోన్ మోగాలి, అంకెలు, కిటికీలు ఏమీ అక్కర్లేదు. మా పాత ఆఫీసులో రెండేళ్ళలో అది మూడుసార్లు మోగింది. రెండుసార్లు మా ఆడిటర్ల స్కానింగే, ఒకసారి నిజం.

రెండోది, మీ సార్‌తో మాట్లాడేటప్పుడు "లొల్లి" అన్న మాటకు జవాబుగా ఇది చూపించు. 2022 ఏప్రిల్ 28న సర్ట్ ఇన్ (సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం అనుమతి లేకుండా సిస్టమ్స్‌లోకి చొరబడితే తెలిసిన 6 గంటల్లో వాళ్ళకు రిపోర్ట్ చేయాలి. లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. నీ మూడు సక్సెస్‌లు నీకు తెలిసింది మధ్యాహ్నం మూడున్నరకు అనుకుంటే, నేను ఇది రాస్తుంటే గంట లోపే మిగిలి ఉంది. మొదట ఆ మెయిల్ పంపు, పూర్తి వివరాలు తర్వాత ఇవ్వవచ్చు. నీ సెక్యూరిటీ లాగ్ సైజు ఎంత?


ఒంటరి అడ్మిన్ | మంగళవారం, రాత్రి 9:20

సార్‌కి ఫోన్ చేశాను, ఆయన భోజనం మధ్యలో ఉన్నారు. 15 అంకె కథ చెప్పాను. ఈవెంట్ నంబర్లు చెప్పినంతసేపు ఊఁ కొట్టారు కానీ, "లెక్కలో పదిహేను తేడా వచ్చింది సార్, ఆ తేడా ముగ్గురి పేర్ల దగ్గర తేలింది" అనగానే లేచి కూర్చున్నారు. అకౌంట్స్ మనిషి కదా. మెయిల్ 9:10కి వెళ్ళింది.

లాగ్ సైజు 128 ఎంబీ ఉంది బాబాయ్ గారూ. మొదటి డొమైన్ కంట్రోలర్‌లో శనివారం నాటివి అప్పుడే తిరగరాసుకుని పోయాయి. రెండోదాని మీద పని తక్కువ కాబట్టి మిగిలాయి. దాన్ని 4 జీబీ చేసి, రోజూ రాత్రి వేరే డిస్క్‌కి కాపీ పడేలా పెట్టాను.

4624 చూశాను. వేబ్రిడ్జ్ పేరుతో ఫైల్ సర్వర్‌కు టైప్ 3 ఒకటి ఉంది, 3:26కి. అక్కడ ఆ అకౌంట్‌కు కాటా స్లిప్పుల ఫోల్డర్ తప్ప వేరే హక్కు లేదు. టైప్ 10 లేవు. ట్యాలీ మెషిన్‌లో ఏమీ లేదు. డిస్పాచ్ పీసీలో ఒక రిమోట్ సపోర్ట్ సాఫ్ట్‌వేర్ ఉంది, అది నేను వేసింది కాదు. బయటివాళ్ళని పిలిచి ఆ డిస్క్ కాపీ తీయిస్తున్నాం. వాడు మొదట ఎలా వచ్చాడన్నది దాని తర్వాతే.


ఇరానీ చాయ్ | బుధవారం, ఉదయం 10:15

మేడమ్, మీ పోస్ట్ చూసి మా దగ్గర కూడా 4771 ఫిల్టర్ కొట్టాను. సున్నా వచ్చింది, సంతోషపడ్డాను. తర్వాత చూస్తే ఫెయిల్యూర్ ఆడిట్ ఆన్‌లోనే లేదు.


ఒంటరి అడ్మిన్ | పక్క సోమవారం, ఉదయం 9:40

అప్‌డేట్. అందరి పాస్‌వర్డ్‌లూ మార్పించాను, ఒకేసారి కాదు, సెక్షన్ల వారీగా నాలుగు రోజులు పట్టింది. చీటీ మీద ఇప్పుడు ఒక్కొక్కరికి వేరే పాస్‌వర్డ్, టిక్కు మళ్ళీ పెట్టాను. కొత్తవాళ్ళు ఇరుక్కుంటే షిఫ్ట్ మొదలయ్యే ముందు నేనే పక్కన నిలబడి మార్పిస్తున్నాను. కాటా వాళ్ళ అకౌంట్ ఇకమీదట ఆ ఒక్క పీసీలోనే పనిచేస్తుంది.

రూల్ కూడా నడుస్తోంది. రెండు వారాలు ఊరికే లెక్కపెట్టమన్నారు కానీ నాకు నిద్ర పట్టక మొదటి రోజే అలర్ట్ పెట్టేశాను, అరగంటలో 6 పేర్లు దాటితే మోగేలా. ఇవాళ పొద్దున 8:50కి మోగింది. ఒకే అడ్రస్, 9 వేరువేరు పేర్లు. మెట్లు రెండేసి దిగి పరుగెత్తాను. టైమ్ ఆఫీస్ పీసీ. కొత్త పాస్‌వర్డ్‌లతో మొదటి సోమవారం, షాప్ ఫ్లోర్ వాళ్ళు లీవు లెక్క చూసుకోవడానికి లైన్‌లో నిలబడి ఒకరి తర్వాత ఒకరు పాతది కొడుతున్నారు.

దానికి మాత్రం 20 చేశాను. రాత్రి 8 తర్వాత మళ్ళీ 6కే వచ్చేస్తుంది, ఆ వేళ అక్కడ ఎవరూ ఉండరు.